వేలాడే కొలత, పరచిన కొలత

2017వ సంవత్సరం మార్చి నెల ఏడవ తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆమెను మొదటిసారి చూచాను. తెల్లవారుజామున పడిన వాన వెలిసి, గాలిలో సన్నని తుంపర మాత్రం మిగిలి ఉన్నది. నా ఉన్నికోటు లోపలి అస్తరు చిరిగినందున దానిని చంకలో పెట్టుకొని, రైలుస్టేషను వెనుక వీధిలోని దర్జీ దుకాణపు మూడు మెట్లెక్కి, గొడుగును గుమ్మం బయటనే నిలిపి, లోపలికి అడుగుపెట్టాను.

దుకాణం ఒకే గది. నడుమ మనిషి పొడవుకు రెండింతలున్న కత్తిరింపుబల్ల. దాని అంచులు ఏండ్ల తరబడి మోచేతుల రాపిడికి నునుపు దేలి ఉన్నవి. గోడనుండి గోడకు బిగించిన ఇనుపకడ్డీకి గురువారానికి ఒక పాటల బృందానికి ఇవ్వవలసిన పన్నెండు నీలిరంగు స్కర్టులు వరుసగా వేలాడుతున్నవి. ప్రతి నడుముపట్టీకి గుండుసూదితో ఒక కాగితపుముక్క గుచ్చి, దానిమీద ‘సోమవారం సాయంత్రం ఆరు’ అని పెన్సిలుతో రాసి ఉన్నది. బల్ల వెనుక, మెడచుట్టు టేపు, కుడిచెవిమీద సుద్దముక్క పెట్టుకొని నిలబడిన సన్నని మనిషే ఆ దుకాణపు కత్తిరింపు మేస్త్రి. వీధివారందరికి ఆమె సుద్దమ్మ. వయస్సు ఏబదినాలుగు. కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్నది ఆమె చెల్లెలు. అక్క కోసినది కుట్టడమే ఆమె పని. మాట్లాడకుండ కుట్టడం మాత్రం ఆమెకు చేతకాదు.

నేను కోటును బల్లమీద పెట్టబోయాను.

“అక్కడ పెట్టకండి. ఆ కొక్కేనికి తగిలించండి,” అన్నది సుద్దమ్మ.

“చిరిగింది అస్తరే కదమ్మా.”

“అస్తరు ఊరికే చిరగదండీ. ఎక్కడో భుజం లాగుతుంటే చిరుగుతుంది. వేలాడితే ఎక్కడ లాగుతోందో అదే చెబుతుంది.”

“మీరేమీ అనుకోకండి బాబాయిగారూ,” అన్నది చెల్లెలు మిషను ఆపకుండానే. “మా అక్కకి గుడ్డతో మాట్లాడటం వచ్చు. మనుషులతోనే కొంచెం కష్టం.”

ఆ పూట ఆ గదిలో జరిగినది నేను కళ్ళారా చూచినది. ఆసుపత్రిలో జరిగినది చెల్లెలు చెప్పగా రాసుకొని, సుద్దమ్మకు చదివి వినిపించి, తేదీలతో సహా సరిచేయించుకొన్నది. అంతకుముందటి సంగతి కూడ కొంత చెప్పనిదే ఆనాటి ఉత్సాహం పాఠకునికి బోధపడదు.

ఆమె ఈ పని తన పినతల్లి దగ్గర నేర్చినది. ఇరువది రెండేండ్ల వయస్సులో ఒక సంగీత పాఠశాలవారికి ఎనిమిది స్కర్టులు కోసినది. గుడ్డను నేతకు ఏటవాలుగా పెట్టి కోసే క్రాసు కోత అది. అట్లు కోసిన గుడ్డ ఒంటిమీద నీరులాగ జారుతుంది, కాని తన బరువుకు తానే సాగుతుంది. దానిని ఒక పగలు, ఒక రాత్రి వేలాడదీసిన తరువాతనే కింది అంచు కోయాలి. ఆమె తొందరపడి, బల్లమీద పరచి, స్కేలు పెట్టి తిన్నగా కోసేసినది. బల్లమీద దారమంత కూడ తేడా లేదు. రెండవ ప్రదర్శననాటికి పక్కలు రెండేసి అంగుళాలు జారినవి. పాడుతున్న పిల్ల తన అంచు తానే తొక్కుకొని వేదికమీద బోర్లపడినది. పినతల్లి ఒక్క మాట అనలేదు. ఆ ఎనిమిదింటిని కడ్డీకి తగిలించి, వారం రోజులపాటు అక్కకూతురి కళ్ళెదుటనే ఉంచినది. కాగితపుముక్కలమీద గంట రాసే అలవాటు ఆ వారంలో పుట్టినది.

ఇక రోగం సంగతి. జనవరి చివర ఒకనాడు బట్టతాను ఎదకు ఆనించి మోస్తుండగా ఎడమవైపు ఏదో గట్టిగా తగిలినది. జేబులో గుండీ మరచిపోయానేమో అనుకొన్నదట. చేయి పెట్టి చూస్తే అక్కడ జేబే లేదు. ఫిబ్రవరిలో మామోగ్రాం, అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి పరీక్ష జరిగినవి. రొమ్ము క్యాన్సరు అని తేలినది. గడ్డ పధ్నాలుగు మిల్లీమీటర్లు. ఆపరేషన్ చేయవలసిన సర్జను ఒక స్త్రీ, మితభాషిణి. గడ్డనూ, దాని చుట్టూ కొంత అంచునూ తీసివేసి, తరువాత రేడియేషన్ ఇస్తే చాలునని ఆమె అభిప్రాయం. అయితే సుద్దమ్మ రొమ్ములో కణజాలం దట్టంగా ఉన్నందున మామోగ్రాంలో అంతా తెల్లగా కనబడినది. “తెల్లగుడ్డ మీద తెల్లదారం వెతికినట్టుంది. ఒకసారి ఎమ్మారై కూడా చూద్దాం,” అన్నది సర్జను. ఆ పోలిక సుద్దమ్మకు నచ్చినది.

ఫిబ్రవరి ఇరువది ఏడున ఎమ్మారై తీశారు. మరొక చుక్క కనబడినది. ఏడు మిల్లీమీటర్లు, మొదటి గడ్డకు ఐదున్నర సెంటీమీటర్ల దూరంలో, లోపల. మార్చి రెండున ఆ చుక్కకోసమే అల్ట్రాసౌండ్ మళ్ళీ చేశారు. చేసిన చిన్న డాక్టరమ్మ అరగంట వెతికినది. చుక్క దొరకలేదు.

దొరకకపోవడంతో చిక్కు వచ్చి పడినది. నేను దుకాణానికి వెళ్ళిన ముందురోజు, సోమవారంనాడు, సర్జను అక్కచెల్లెళ్ళను కూర్చోబెట్టి చెప్పినది:

“ఆ చుక్క ఏంటో తెలియకుండా లోపల వదిలేసి కుట్టలేను. అల్ట్రాసౌండ్‌లో కనబడితే సూది గుచ్చి తెలుసుకునేదాన్ని. కనబడలేదు. ఎమ్మారైలోనే సూది గుచ్చే ఏర్పాటు మా దగ్గర లేదు. ఆ ఏర్పాటు ఉన్న ఊళ్ళో ఐదు వారాలు ఆగమంటున్నారు. పైగా ఆ దూరం చూస్తే, రెండోది కూడా క్యాన్సరే అయితే రెండూ కలిపి తీయడానికి చాలా కోయాల్సి వస్తుంది. ఆగలేనంటే రొమ్ము మొత్తం తీసేయడం ఒక దారి. అది తప్పు దారి కాదు. చాలామంది అదే కోరుకుంటారు, వాళ్ళూ హాయిగానే ఉన్నారు. ఆలోచించుకుని బుధవారం వచ్చి సంతకం పెట్టండి.”

సుద్దమ్మ మొత్తం తీయడానికే ఒప్పుకొన్నది. కాని మనస్సు ఒప్పుకోలేదు. ఆమె బాధ అందంకోసం కాదని చెల్లెలు నాకు పలుమార్లు చెప్పినది. “కొలత తెలియకుండా ఎప్పుడైనా కత్తెర పెట్టానా నేను? ఇప్పుడు నామీదే పెట్టిస్తున్నాను,” అన్నదట, బస్సులో ఇంటికి వస్తూ.

ఆ బుధవారానికి ముందటి ఉదయమే నేను కోటుతో వెళ్ళినది.

చెల్లెలు మిషను ఆపి, కడ్డీవైపు చేయి చూపినది.

“అక్కా, ఆ పన్నెండింటికీ ఇప్పుడే అంచులు కోసేయ్. రేపు సంతకం పెట్టి వచ్చాక నీకు కత్తెర పట్టాలనిపిస్తుందా?”

“నిన్న ఆరింటికి తగిలించాం. ఇవాళ ఆరు కావాలి.”

“ఇంకో ఏడెనిమిది గంటల్లో గుడ్డ మనసు మారిపోతుందా ఏంటి?”

“మారుతుందే. ఈ చివరిదాన్ని బల్లమీద నువ్వే కొలిచావు. ఎంత?”

“ముప్ఫై ఎనిమిది అంగుళాలు.”

“ఇప్పుడు కొలువు.”

చెల్లెలు విసుగుతో లేచి, స్టూలెక్కి, టేపు జార్చి చూచినది. “ముప్ఫై తొమ్మిదిన్నర.”

“చూశావా. అదే గుడ్డ, అదే కుట్టు. ఎవరూ లాగలేదు. వేలాడినప్పుడు ఒక కొలత, పరిచినప్పుడు ఒక కొలత. వేలాడినప్పుడు పెట్టిన గుర్తుని బల్లమీద పరిచి అదే దూరంలో వెతికితే…”

వాక్యం అక్కడ ఆగిపోయినది. ఆమె చేతిలోని సుద్ద నేలమీద పడి రెండు ముక్కలైనది. వంగి తీసుకోలేదు. చెల్లెలి ముఖంలోకి చూస్తూ, మెల్లగా, ఒక్కొక్క మాటే అడిగినది.

“ఏమే, ఆ ఎమ్మారై గొట్టంలో నన్నెలా పడుకోబెట్టారు?”

“బోర్లా. రెండు కన్నాలున్న బల్లమీద. నువ్వే కదా చెప్పావు, ఆవు పొదుగులా వేలాడాయని.”

“మరి ఆ అమ్మాయి అల్ట్రాసౌండ్ చేసినప్పుడు?”

“వెల్లకిలా…” అని చెల్లెలు స్టూలుమీదనే నిలబడిపోయినది. “అక్కా.”

“ఐదున్నర అన్నది వేలాడిన కొలతే. ఆ అమ్మాయి పరిచి వెతికింది.”

వైద్యం నాకు తెలియదు. అయినా ఆ క్షణాన కడ్డీమీద వేలాడుతున్న ఆ పన్నెండు స్కర్టులు పన్నెండుగురు సాక్షులవలె కనబడినవి.

తరువాతి పావుగంట ఆ గది తిరునాళ్ళయినది. సుద్దమ్మ సాగే అల్లికగుడ్డ ఒకటి సంచిలాగ కుట్టించి, అందులో దూది కూరి, రెండు ఎర్రగుండీలు కుట్టినది. ఒక గుండీ మొన దగ్గర, ఒకటి లోతున. సంచిని మూతి పట్టి వేలాడదీసి కొలిచినది: ఐదున్నర సెంటీమీటర్లు. బల్లమీద వెల్లకిల పరచి కొలిచినది: మూడుకు లోపు. పైగా లోతునున్న గుండీ ఒక పక్కకు ఒరిగినది. మళ్ళీ వేలాడదీసినది, మళ్ళీ పరచినది. మూడుసార్లు చేసినా అదే.

“పద పద,” అని చెల్లెలు అప్పటికే చెప్పులు వేసుకొన్నది. “బాబాయిగారూ, ఒక్క గంట దుకాణం చూస్తారా? ఎవరొచ్చినా కూర్చోమనండి. మీరు మాత్రం దేన్నీ కోయకండి.”

“కత్తెర ముట్టుకుంటే ఒట్టు,” అన్నాను.

ఒక గంట అన్నవారు సాయంత్రం ఆరుగంటలకు తిరిగి వచ్చారు. ఆ మధ్యలో జరిగినది ఇది.

ఆసుపత్రిలో స్కానింగు విభాగం మెట్లు దిగి వెళ్ళవలసిన కింది అంతస్తులో ఉన్నది. పొడవైన నడవ, లేత ఆకుపచ్చ గోడలు, ఒకదానికొకటి బిగించిన కుర్చీలు. సుద్దమ్మ దూదిసంచి పట్టుకొని తిన్నగా అల్ట్రాసౌండ్ గది తలుపు తట్టినది. చిన్న డాక్టరమ్మే తీసినది.

“అమ్మా, మీ అపాయింట్‌మెంట్ ఇవాళ లేదు కదా?”

“లేదమ్మా. రెండు నిమిషాలు. ఈ సంచి చూస్తావా?”

ఆ పిల్ల మంచిపిల్ల. కసురుకోలేదు. వేలాడదీసి చూపగా చూచినది; పరచి చూపగా చూచినది. చూస్తూ చూస్తూ ముఖం ఎర్రబడినది. “ఒక్క నిమిషం,” అని లోపలికి వెళ్ళి పెద్దడాక్టరును పిలుచుకొని వచ్చినది. ఎక్స్‌రేలు, స్కానులు చదవడంలో ముప్పదియేండ్లు గడిపిన మనిషి ఆయన. ఒక కళ్ళద్దాలు ముక్కుమీద, మరొక కళ్ళద్దాలు నెత్తిమీద. చెల్లెలు ఆయనకు అప్పటికప్పుడే ‘నాలుగుకళ్ళాయన’ అని పేరు పెట్టినది.

ఆయన సంచిని తన చేతిలోకి తీసుకొని తానే వేలాడదీసి, తానే పరచి చూచుకొన్నాడు.

“ఎవరు చెప్పారమ్మా నీకిది?”

“ఎవరూ చెప్పలేదండి. దర్జీదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా నాకిదే గోల.”

“మాకూ ఇదే గోల,” అన్నాడాయన. “బోర్లా తీస్తాం, వెల్లకిలా వెతుకుతాం. పుస్తకంలో ఉన్న సంగతే. కాని చదివింది తలకెక్కినంత త్వరగా చేతికెక్కదు.” అని చిన్న డాక్టరమ్మవైపు తిరిగినాడు. “ఆ రోజు ఎక్కడ వెతికావు?”

“రిపోర్టులో ఉన్న దూరంలోనే సార్. ఐదున్నర దగ్గర. చుట్టూ కూడా కొంచెం చూశాను. రోగులు చాలామంది ఉన్నారు ఆ రోజు.”

“ఐదున్నర అంటే పడుకున్నప్పుడు రొమ్ము దాటిపోయి పక్కటెముక మీద వెతికినట్టు. పెరట్లో పోయింది వీధిలో వెతికావు.” మాట కటువుగా ఉన్నా గొంతులో కోపం లేదు. “దూరం పట్టుకుని వెతకద్దు. దాని పొరుగువాళ్ళని పట్టుకుని వెతుకు. ఎమ్మారైలో ఆ చుక్క పక్కన ఏముంది?”

“కొవ్వు అంచు. ఒక చిన్న రక్తనాళం.”

సుద్దమ్మ తల ఊపినది. “చారలగుడ్డ అతికేటప్పుడు మేమూ అంతేనండి. అంగుళాలు చూడం. చారకి చార కలుస్తుందా లేదా అని చూస్తాం.”

“విన్నావా? అదే,” అన్నాడు పెద్దడాక్టరు. ఆయన గొంతు అప్పటికే పెరిగినది. “ఆ గదిలో తరువాతి మనిషి ఎవరు? పది నిమిషాలు ఆగగలరేమో అడగండి. అమ్మా, పడుకో. కాదు, నేను చేయను. నువ్వే చెయ్యి.” ఆ చివరి మాట చిన్న డాక్టరమ్మకు.

సుద్దమ్మ వెల్లకిల పడుకొన్నది. చల్లని జెల్లీ పూశారు. చెల్లెలు రెండు చేతిసంచులు, ఒక దూదిసంచి గుండెలకు హత్తుకొని తలుపు దగ్గర నిలబడినది. పక్కతెరమీద ఎమ్మారై బొమ్మ, ఎదుటితెరమీద బూడిదరంగు అలలు. చిన్న డాక్టరమ్మ మొదటి గడ్డను పట్టుకొన్నది. అక్కడినుండి కొవ్వు అంచు వెంట, దారం వెంట సూది నడిచినట్లు, కొంచెం కొంచెంగా చంకవైపు జరిగినది.

“రక్తనాళం,” అన్నది ఆమె.

“ఊఁ.”

చేయి ఆగినది. వెనక్కు వచ్చినది. మళ్ళీ ముందుకు పోయి, అడ్డంగా తిరిగినది.

“సార్, ఉంది.”

పెద్దడాక్టరు నెత్తిమీది అద్దాలను కూడ కిందికి దించి, రెండు జతల్లోనుండి చూచినాడట. “కొలువు.”

“ఏడు మిల్లీమీటర్లు. సైజు సరిపోయింది. మొదటిదానికి దూరం… రెండు సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు.”

చెల్లెలు చేతిసంచులు వదలివేసి చప్పట్లు కొట్టినది. ఒక సంచిలోనుండి గుండీలు నేలమీద చెల్లాచెదరైనవి. “దొరికాడు దొంగ.”

“దొరికినవాడల్లా దొంగ కాదమ్మా,” అన్నాడు పెద్దడాక్టరు గుండీ ఒకటి ఏరి ఇస్తూ. “ఎమ్మారై చాలా చురుకైన కన్ను. కాని అనుమానం ఎక్కువ దానికి. ఏమీ కాని చుక్కల్ని కూడా వేలెత్తి చూపిస్తుంది. అది చూపించిన ప్రతిదానికీ భయపడి మొత్తం కోసేస్తే, అక్కర్లేని కోతలే ఎక్కువవుతాయి. అలాగని అది చూపించింది వినకుండా కుట్టేస్తే, కొందరికి లోపల మిగిలిపోతుంది. అందుకని మధ్యలో సూది. అది చెప్పాకే కత్తి.”

ఆ మధ్యాహ్నమే సర్జనుకు ఫోను చేసి, ఆమె సరేనన్న తరువాత సూది గుచ్చారు. సూది విడిచిన ప్రతిసారీ కాగితాలకు పిన్ను కొట్టే యంత్రంలాగ ‘టక్’మన్నది. నాలుగు ముక్కలు తీశారు. తీసినచోట నువ్వుగింజకన్న చిన్న లోహపు గుర్తు ఒకటి వదిలారు, మళ్ళీ వెతుక్కోనక్కరలేకుండ.

“అంటే లోపల గుండుసూది పెట్టారన్నమాట,” అన్నది సుద్దమ్మ.

“గుండుసూదే అనుకో,” అన్నాడాయన. “రేపు ఒక చిన్న ఎమ్మారై తీసి, మన గుండుసూది ఆ చుక్కలోనే ఉందా, పక్కింట్లో పడిందా చూస్తాను. అంతవరకు ఎవరూ దేనిమీదా సంతకం పెట్టద్దు.”

“బోర్లానేనా?”

“బోర్లానే.”

“అయితే గుర్తు జరుగుతుంది కదండీ?”

“చుక్కతోబాటే జరుగుతుందమ్మా. రెండూ కలిసి ప్రయాణం చేస్తే చాలు మనకి,” అని ఆయన పకపక నవ్వినాడు. చిన్న డాక్టరమ్మ కూడ అప్పుడే నవ్వగలిగినది.

సాయంత్రం ఆరుగంటలకు అక్కచెల్లెళ్ళు దుకాణానికి వచ్చేసరికి నేను బల్ల పక్క కుర్చీలో కూర్చున్నాను. ముగ్గురు వచ్చి వెళ్ళారనీ, దేనినీ కోయలేదనీ చెప్పాను. చెల్లెలు జరిగినదంతా గుక్క తిప్పుకోకుండ ఏకరువు పెడుతుండగా, సుద్దమ్మ గడియారం చూచి, కొత్త సుద్దముక్క తీసి, కడ్డీ దగ్గరకు నడిచినది. ఎడమవైపు కట్టు ఉన్నది, చెల్లెలు వద్దన్నది, వినలేదు. స్టూలుమీద కూర్చొని, నేలనుండి స్కేలు నిలిపి, వేలాడుతున్న స్కర్టులకు వేలాడుతుండగానే గుర్తులు పెట్టినది. పన్నెండవదాని కాగితపుముక్క తీసి నాచేతిలో పెట్టి, “ఇరవైనాలుగు గంటలు. ఇప్పుడు కోయచ్చు,” అన్నది.

మరునాటి చిన్న ఎమ్మారైలో గుర్తు సరిగ్గా చుక్కలోనే ఉన్నది.

శుక్రవారం, మార్చి పదవ తేదీ, పదకొండు గంటలకు సర్జను గదిలో ఫలితం. ఇంటివద్దనుండి బయలుదేరినప్పుడే చెల్లెలు, “ఏమీ కాదులే అక్కా, వట్టి అనుమానప్పక్షి అది,” అని పదిసార్లు అన్నది. సర్జను కాగితం విప్పి, ఆలస్యం చేయకుండ చెప్పినది.

“రెండోది కూడా క్యాన్సరే. మొదటిదాని రకమే.”

చెల్లెలు కుర్చీ చేయి గట్టిగా పట్టుకొన్నది. సుద్దమ్మ ఏడవలేదు, ముందుకు వంగి అడిగినది:

“దూరం రెండు సెంటీమీటర్ల ఎనిమిదేనా అండి? పడుకుని?”

“పడుకునే.”

“అయితే ఒక్క ముక్కలో వస్తాయా?”

సర్జను బల్లమీదనే ఉన్న దూదిసంచిని వెల్లకిల పరచి, రెండు గుండీల చుట్టూ వేలితో ఒక గీత గీసినది. ఆ సంచిని పెద్దడాక్టరు ముందుగనే ఆమెకు పంపినాడు.

“వస్తాయి. మొన్న నేను రిపోర్టులో ఐదున్నర చూసి రెండు చోట్ల రెండు పెద్ద కోతలనుకున్నాను. మీ రొమ్ముకి అంత కోత పడితే ఏమీ మిగలదు. కాని నేను కోసేది మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి కాదు కదా. నాకు కావలసింది పరిచిన కొలత. అది ఇప్పుడు నా చేతిలో ఉంది. రెండూ, వాటి చుట్టూ అంచూ, ఒకే ముక్క. తరువాత రేడియేషన్. అంచుల్లో ఏమైనా మిగిలిందని తేలితే మళ్ళీ కోయాల్సి రావచ్చు. అది ఇప్పుడే చెబుతున్నాను.”

“అంచు ఎంత వదులుతారు?”

“చాలినంత.”

“మేమూ అదే అంటామండి కొనేవాళ్ళతో,” అన్నది సుద్దమ్మ. నెలన్నరకు మొదటిసారిగా అక్క నవ్వడం ఆ గదిలో చూచానని చెల్లెలు చెప్పినది. తానే అప్పుడు ఏడ్చినదట.

మార్చి పదునేడు, శుక్రవారం ఆపరేషన్. ఉదయం చిన్న డాక్టరమ్మ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లోపలి గుర్తు దాకా ఒక సన్నని తీగ పెట్టినది. సర్జను దాని వెంట వెళ్ళడానికి. సుద్దమ్మ దానిని కచ్చాకుట్టు అన్నది. తరువాత సర్జను వచ్చి చర్మంమీద నల్లపెన్నుతో గీత గీస్తుండగా, మత్తు ఇవ్వవలసినవారు పక్కనే నిలబడి ఉండగా, పడుకొన్న మనిషి తల కొంచెం ఎత్తి చూచినది.

“డాక్టరుగారూ, ఆ పెన్ను మొద్దుగా ఉందండి. గీత లావైతే కోత గీతకి లోపలా, బయటా, మధ్యనా అని సందేహం వస్తుంది.”

“మీరేం చేస్తారు?”

“సుద్ద చెక్కుతామండి. లేదా ముందే అనుకుంటాం, బయటి అంచు మీద అని.”

“సరే. బయటి అంచు మీద,” అన్నది మితభాషిణి. పెన్ను మూత పెట్టి, నవ్వుతూ బయటికి వెళ్ళినదట. అంతకుముందెన్నడూ ఆమె నవ్వడం చూడలేదని అక్కడి నర్సులు రెండు రోజులు చెప్పుకొన్నారు.

ముక్క ఒకటే వచ్చినది. తీసిన వెంటనే దానికి ఎక్స్‌రే తీసి, లోహపు గుర్తు అందులో ఉన్నదని చూచుకొన్నారు. తొమ్మిదవనాడు పరీక్ష నివేదిక వచ్చినది. నాలుగు పక్కలా అంచు శుభ్రం. లోతువైపు అంచు సన్నమే, అయినా చాలునన్నారు. ఆపరేషన్‌లోనే పరీక్షకోసం చంకనుండి తీసిన రెండు గ్రంథులలో జబ్బు లేదు.

ఆ తరువాతి సంగతులు ఇవి.

సుద్దమ్మకు మే నెలలో పదహారు రోజుల రేడియేషన్ జరిగినది. జూన్ పన్నెండున తిరిగి బల్ల దగ్గర నిలబడినది. రోజుకు ఒక మాత్ర వేసుకొంటున్నది. ఎడమరొమ్ము కొంచెం చిన్నదైనది. తన రవికలకు ఆ వైపు పలుచని దూదిపొర తానే పెట్టుకొని కుడుతుంది. బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తితే చేయి ఇప్పటికీ లాగుతుంది. ఏటేటా జరిగే పరీక్షలలో, ఇది రాస్తున్న 2023 నవంబరు వరకు, మరేమీ కనబడలేదు.

అక్కకు వచ్చినందువలన చెల్లెలిని కూడ పరీక్షించారు. ఏమీ లేదు. పరీక్ష పూర్తయ్యేవరకు ఆమె మౌనంగా ఉన్నదని సుద్దమ్మ సాక్ష్యం.

చిన్న డాక్టరమ్మ ఇప్పుడు మరొక ఆసుపత్రిలో రొమ్ము స్కానుల విభాగానికి పెద్ద. పెద్దడాక్టరు 2020లో పదవి విరమించినాడు. దూదిసంచి ఆ కింది అంతస్తు గదిలో, అల్ట్రాసౌండ్ యంత్రం పక్కన, ఒక కొక్కేనికి వేలాడుతున్నది. కొత్తగా చేరినవారిచేత దానిని ఒకసారి బల్లమీద పరిపించి, ఒకసారి వేలాడదీయించి, రెండు కొలతలు రాయిస్తారట. సాగి సాగి ఇప్పుడు ఐదున్నర కాస్తా ఆరు అయినదని, దానికి బదులు కొత్తది కుట్టి ఇమ్మని కబురు వచ్చినది. సుద్దమ్మ కుట్టి ఇచ్చినది.

నీలిరంగు స్కర్టులు పన్నెండూ అనుకొన్న గురువారానికే చేరినవి. వేదికమీద ఎవరూ పడలేదు.

నా కోటు ఎడమభుజం దగ్గర పావు అంగుళం లాగుతున్నదని కొక్కేనికి వేలాడిన మూడవనాడు తేలినది. సరిచేసి ఇచ్చినది. అస్తరు మళ్ళీ చిరగలేదు.